మేష్టారి కబుర్లు: కొట్టు మూస్తే ఆట ఏమవుతుంది?

పిల్లలూ!

పోయిన శ్రావణమాసంలో ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చి మా వీధిలో ఇంటర్నెట్టు పోయింది. అదృష్టం బాగుండి కరెంటు మాత్రం పోలేదు. మా మనుమడు కంప్యూటరు ముందు కూర్చుని, పుట్టినరోజుకు వాళ్ళ నాన్న కొనిపెట్టిన ఆట తెరవబోయాడు. అది తెరుచుకోలేదు. ఇంటర్నెట్టు కలిపితేగాని ఆట నడవదని తెరమీద ఒక ముక్క కనిపించింది.

"తాతయ్యా, ఆట మన కంప్యూటర్లోనే వుంది. డబ్బు కూడా ఇచ్చేశాం. మళ్ళీ ఎవర్ని అడగాలి?" అన్నాడు వాడు, ముఖం చిన్నబుచ్చుకుని.

వాడు అడిగింది సబబైన ప్రశ్నే. ధాన్యం మన గాదెలో వుండి, తాళంచెవి పొరుగూరి షావుకారు దగ్గర వున్నట్టుంది ఈ వ్యవహారం. ఆయన కొట్టు నడిచినన్నాళ్ళూ ఫరవాలేదు. కట్టేస్తే?

ఈ నెల ఆ సంగతే చెబుతాను. మీ అమ్మనీ నాన్ననీ కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పైకం ఇచ్చేది వాళ్ళు గదా!

మీ నాన్నలు బడిలో చదువుకునే రోజుల్లో, మేష్టారు అటు తిరగగానే కంప్యూటరు గదిలో "ప్రిన్స్ ఆఫ్ పెర్షియా" ఆడేవాళ్ళు. అడిగి చూడండి, కాదనరు. అటు తిరిగిన మేష్టర్లలో నేనూ ఒకణ్ణి. జోర్డన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు తయారుచేసిన ఆ ఆట 1989లో వచ్చింది. అప్పట్లో ఆటలు ఫ్లాపీ అనే పలచని చదరపు బిళ్ళల మీద దొరికేవి. మన బడి కంప్యూటర్లు డాస్ అనే ఏర్పాటుతో నడిచేవి. ఇప్పటి కంప్యూటరుకు ఆ బిళ్ళ దూర్చడానికి సందే లేదు. ఎలాగో దూర్చినా, ఆనాటి ఆట ఈనాటి యంత్రంతో మాట్లాడలేదు.

దీనికి కొందరు మంచి ఉపాయం కనిపెట్టారు. 2002లో "డాస్‌బాక్స్" అనే ప్రోగ్రాం వచ్చింది. అది కొత్త కంప్యూటరు లోపల పాత కంప్యూటరు వేషం కడుతుంది. పాత ఆట ఆ వేషం చూసి, తన కాలపు యంత్రమే అనుకుని హాయిగా నడుస్తుంది! డాస్‌బాక్స్ ఏ కొట్టువాడి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడవచ్చు కూడా.

2008లో పోలెండు దేశపు సి.డి. ప్రాజెక్ట్ కంపెనీవారు ఇంటర్నెట్టులో పాత ఆటల కొట్టు తెరిచారు. దాని పేరు "గుడ్ ఓల్డ్ గేమ్స్". ఇప్పుడు జి.ఓ.జి. అంటారు. పాత ఆట అమ్మడం అనుకున్నంత సులువు కాదు. ఆట చేసిన కంపెనీ ఎప్పుడో అమ్ముడుపోయి వుంటుంది. కొన్నవాళ్ళు దివాలా తీసి వుంటారు. హక్కు ఎవరిదో వెతికి పట్టుకుని, ఒప్పందం రాయించుకుని, ఆటను ఈనాటి కంప్యూటర్లకు సరిపెట్టాలి. డాస్ కాలపు ఆటలు చాలావాటికి వాళ్ళు పక్కన డాస్‌బాక్స్ కూడా పెట్టి ఇస్తారు. ఈ కొట్టు ప్రత్యేకత ఏమంటే, వీళ్ళు ఆటకు తాళం వెయ్యరు. ఫైలు మీ దగ్గర వుంటే చాలు.

అయినా ఒకసారి వీళ్ళే జనాన్ని హడలగొట్టారు. 2010 సెప్టెంబరు 19న కొట్టు ఉన్నట్టుండి మాయమయింది. ఇప్పుడున్న రూపంలో కొనసాగలేమని ఒక ప్రకటన మిగిలింది. "ఎప్పుడంటే అప్పుడు డౌన్‌లోడు చేసుకోవచ్చులే" అని ధీమాగా వున్నవాళ్ళ గుండెలు గుభేలుమన్నాయి. ముందే దించుకుని దాచుకున్నవాళ్ళకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టి వుంటుంది. తీరా చూస్తే అదంతా కొత్త రూపంలో తెరవబోయే కొట్టుకు ప్రచారం! యజమానులు క్రైస్తవ సన్యాసుల వేషంలో వచ్చి క్షమాపణ చెప్పారు, ఆ వారంలోనే కొట్టు తెరిచారు. నా తరగతిలో ఎవరైనా ఇలాంటి వేళాకోళం చేస్తే గోడకుర్చీ వేయించేవాణ్ణి. కాని దానివల్ల ఒక మేలు జరిగింది. కొట్టు మూతపడితే తమ చేతిలో ఏం మిగులుతుందో కొన్నవాళ్ళకి నాలుగు రోజుల్లో తెలిసిపోయింది.

"పెద్ద కంపెనీ అయితే భయం లేదు గదా, మేష్టారూ?" అంటారేమో. జపానులోని నింటెండో కంటే పెద్ద పేరు ఆటల లోకంలో ఎన్నో లేవు. వాళ్ళు వీ అనే తమ యంత్రానికి 2006లో కొట్టు తెరిచి, తమ పాత ఆటలు ఎన్నో అందులో అమ్మారు. 2018 మార్చిలో అందులో కొత్తగా పైకం వేసుకోవడం ఆపేశారు. 2019 జనవరి 30న అమ్మకమే ఆగిపోయింది. తరవాత వచ్చిన వీ యూ, 3డిఎస్ యంత్రాల కొట్లలో కూడా 2023 మార్చిలో అమ్మకం ఆగింది. కంపెనీకి ఏమీ కాలేదు, దివ్యంగా నడుస్తోంది. యంత్రం పాతబడితే దాని కొట్టుకూ కాలం చెల్లుతుంది, అంతే. ముందుగా చెప్పి మూశారు, ఆ మర్యాద పాటించారు.

కొట్టు వున్నా ఒక్కొక్కప్పుడు సరుకు వుండదు. 1997 నాటి "ఫాలవుట్" (అది పెద్దల ఆట, మీకు కాదు) హక్కులు చేతులు మారి, 2013 ఆఖరుకు జి.ఓ.జి.లో అమ్మకం ఆగింది. మళ్ళీ 2015లోగాని రాలేదు. అంతకుముందు కొన్నవాళ్ళకు మాత్రం దించుకునే వీలు వుంచారు.

పెద్దలకు ఒక మాట. ఇలాంటి కొట్లలో "కొనండి" అని వున్నచోట మనకు చాలాసార్లు దక్కేది ఆడుకునే అనుమతి మాత్రమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి, ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని చట్టం వచ్చింది. కొట్టువాడు తిరిగి తీసుకోలేని విధంగా ఫైలు దించుకోనిస్తే ఆ నిబంధన వర్తించదు. పత్రం మీద అదీ అనుమతే అనుకోండి. అందుచేత మీ కాపీని ఊరంతా పంచిపెట్టకూడదు సుమా!

సరే, మీ ఇంట్లోవి ఎలాంటి ఆటలో తేల్చుకోవడానికి ఒక ప్రయోగం చెబుతాను. పెద్దవాళ్ళని పక్కన పెట్టుకుని చెయ్యండి. కొట్టులో "ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలరు" అనే ఫైలు ఇస్తారేమో చూసి దాన్ని దించండి. పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. ఇంటర్నెట్టు తీసెయ్యండి. ఆ ఆట ఎన్నడూ ఎక్కించని కంప్యూటరు ఇంట్లో ఇంకొకటి వుంటే, పెన్‌డ్రైవు దానికి తగిలించి ఆట ఎక్కించి ఆడి చూడండి. నడిచిందా, అది తాళం లేని ఆట. పెన్‌డ్రైవును నమ్మి నిద్రపోకండి. అందులో అక్షరాలు సూక్ష్మమైన విద్యుదావేశాల రూపంలో వుంటాయి. ఏళ్ళ తరబడి వాడకుండా పడేస్తే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. ఇంకొక డిస్కులో రెండో కాపీ వుంచి, ఏటా ఒకసారి రెండూ తెరిచి చూడాలి.

మా మనుమడు దసరా సెలవుల్లో ఇదంతా చేశాడు. వాడివి నాలుగు ఆటలు. ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి, ఆట పేరు, కొన్న తేదీ, నడిచిందా లేదా రాసుకున్నాడు. మూడు నడిచాయి. పుట్టినరోజు ఆట మాత్రం నడవలేదు. మీ కొట్టు మూసే రోజు వస్తే మాకు తాళంచెవి ఇస్తారా అని అడుగుతూ ఆ కొట్టువాళ్ళకి ఉత్తరం రాశాడు. అచ్చుతప్పులు నేనే దిద్దాను. జవాబు ఇంకా రాలేదు.