ఆగడమూ పరుగులో భాగమే

"అమ్మా, కాలు కొంచెం నొప్పిగా ఉందే" అని మా అమ్మాయి మొదటిసారి అన్నప్పుడు నేను పోపు వేస్తున్నాను. వెనక్కి తిరగకుండానే, "పరిగెత్తేవాళ్లకి కాళ్లు నొప్పులు పుట్టవూ? కాస్త ఓర్చుకో. ఆడపిల్లవి, ఇంతమాత్రానికే ఇలా అయితే ఎలా?" అన్నాను. ఆ మాట నేను కనిపెట్టింది కాదు. మా అమ్మ నాతో అన్నదే. వాళ్లమ్మ ఆమెతో అనే ఉంటుంది.

అమ్మాయి ఇంటర్ చదువుతోంది. దూరపు పరుగులంటే ప్రాణం. తెల్లవారకముందే లేచి గ్రౌండుకి వెళ్తుంది. ఆ తర్వాత రెండు నెలలపాటు కాలి సంగతి నా దగ్గర ఎత్తలేదు. ఓర్చుకోమన్నది నేనే కదా! చివరికి మెట్లు దిగలేక రెయిలింగు పట్టుకుని నిలబడిపోతే పక్కింటి అక్కయ్య చూసింది. ఆవిడ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. ఆరోజు మాత్రం ఒక్కమాట అంది: "ప్రార్థన నేను చేస్తానమ్మా, డాక్టరుకి నువ్వు చూపించు."

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. తర్వాత స్కానింగులో బయటపడింది. మోకాలి కింద ఎముకలో సన్నని చీలిక. డాక్టరుగారు నన్ను కాదు, అమ్మాయినే అడిగారు, నెలసరి సరిగ్గా వస్తోందా అని. మూడు నెలలుగా రావడం లేదట! "ప్రాక్టీసుకి అడ్డం లేకుండా పోయిందిలే అనుకున్నాను" అంది తలొంచుకుని. నాకు నోటమాట రాలేదు. ఒకే కప్పు కింద ఉంటూ, నా కూతురి ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియలేదు.

ఎనిమిది వారాలు పరుగు మానాలన్నారు. ఆ మంచంమీదే అది నాకొక కథ చెప్పింది. నిజానికి కథ కాదు, జరిగిందే. అప్పటినుంచీ నన్నది వదలడం లేదు. మీతో కూడా పంచుకుందామని ఇదంతా రాస్తున్నాను.

అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో బిగ్ బేర్ లేక్ అనే ఊరుంది. ఆ ఊరి కుర్రాడు ర్యాన్ హాల్. పదమూడేళ్ల వయసులో ఒకరోజు బస్సులో వెళుతూ ఊళ్లోని చెరువును చూసి, దాని చుట్టూ పరిగెత్తాలని అనుకున్నాడు. తండ్రిని తోడు తీసుకుని బాస్కెట్‌బాల్ బూట్లతోనే 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు పరిగెత్తాడు. ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డప్పుడు, ప్రపంచంలోని మేటివాళ్లతో పరిగెత్తే వరం దేవుడు తనకిచ్చాడని, అది ఇతరులకు సాయపడడానికేనని అతనికి తోచిందట. 2007లో హాఫ్ మారథాన్‌ని 59 నిమిషాల 43 సెకన్లలో ముగించి, గంటలోపు పూర్తిచేసిన తొలి అమెరికన్ అయ్యాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదో స్థానం. 2011లో బోస్టన్ మారథాన్‌ని, 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని, 2 గంటల 4 నిమిషాల 58 సెకన్లలో పరిగెత్తాడు.

విచిత్రమేమిటంటే 2010లోనే అతను కోచ్‌ని వదిలేశాడు. ఇకనుంచి ప్రార్థన చేసి, దేవుడు ఏం చెప్పాడనిపిస్తే అదే ఆరోజు ట్రైనింగ్ అన్నాడు. మందుల పరీక్షవాళ్లు ఇచ్చిన కాగితంలో కోచ్ పేరు అన్నచోట "దేవుడు" అని రాశాడు. నవ్వినవాళ్లు నవ్వారు. వారంలో ఒకరోజు పూర్తిగా విశ్రాంతి తీసుకునేవాడు. ఆరు రోజులు పని, ఏడోరోజు విశ్రాంతి అన్న బైబిల్ నియమాన్ని అతను పరుగుకీ వర్తింపజేసుకున్నాడు.

మరి దేవుడే కోచ్ అయితే అన్నీ గెలవాలి కదా? గెలవలేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో తొడ వెనక కండరం పట్టేసి సగం దూరం కూడా వెళ్లకుండానే ఆగిపోయాడు. తర్వాత ఒకదాని వెంట ఒకటి గాయాలు, తప్పుకున్న పందేలు. 2015లో లాస్ ఏంజిలస్ మారథాన్ కూడా మధ్యలోనే వదిలేశాడు. 2016 జనవరిలో, 33 ఏళ్లకే రిటైరయ్యాడు. ఒంట్లో టెస్టోస్టిరాన్ హార్మోను తక్కువగా ఉందని, తీరని నీరసం పట్టుకుందని చెప్పాడు. వారానికి 100 మైళ్లకు పైగా పరిగెత్తినవాడికి మామూలు జాగింగే కష్టమైపోయింది.

అతని విశ్వాసం తప్పని కొందరంటారు. ఆ తగువు తీర్చడానికి నేనెవరిని? కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. విశ్వాసం మనిషికి ధైర్యమిస్తుంది, ఓడిపోయినప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకుంటుంది. హార్మోన్లు లెక్కబెట్టడం, ఎముకలో చీలిక వెతకడం దాని పని కాదు. ఆ పనికి డాక్టరున్నాడు. మా పక్కింటి అక్కయ్యకి ఈ తేడా తెలుసు. నా ఉద్దేశంలో ర్యాన్ హాల్ విశ్వాసానికి అసలు పరీక్ష బోస్టన్‌లో పరిగెత్తినప్పుడు కాదు, ఇక చాలు అని ఆగినప్పుడు. దేవుడిచ్చిన వరమని నమ్మినదాన్ని చేజేతులా కింద పెట్టడం మాటలా?

ఇప్పుడు అతని భార్య సంగతి. నాకు బాగా నచ్చింది ఈవిడే. సారా హాల్‌ది కూడా అదే విశ్వాసం, అదే పరుగు. ఏళ్ల తరబడి ర్యాన్ హాల్ భార్యగానే ఎక్కువమందికి తెలుసు. 2015లో దంపతులిద్దరూ ఇథియోపియానుంచి నలుగురు అక్కచెల్లెళ్లని దత్తత తెచ్చుకున్నారు. రిటైరయ్యాక భర్తే ఆమెకి కోచ్ అయ్యాడు. 2020 ఫిబ్రవరి 29న అట్లాంటాలో ఒలింపిక్ ఎంపిక పోటీ. ఆమె చివరిదాకా వెళ్లలేక మధ్యలోనే తప్పుకుంది. అప్పటికి 36 ఏళ్లు, నలుగురు పిల్లల తల్లి. "ఇంక చాల్లే, ఇల్లు చూసుకో" అనడానికి మనవైపైతే పదిమంది సిద్ధంగా ఉండేవారు! ఏడు నెలల తర్వాత, అక్టోబరులో, లండన్ మారథాన్‌లో వానలో తడుస్తూ పరిగెత్తి, గమ్యం కనబడుతున్న చోట 2019 ప్రపంచ విజేతని దాటి రెండోస్థానంలో వచ్చింది. ఆ డిసెంబరులోనే అరిజోనాలో 2 గంటల 20 నిమిషాల 32 సెకన్లలో తన జీవితంలోకెల్లా వేగంగా మారథాన్ ముగించింది. 2024 ఎంపిక పోటీలో, నలభై ఏళ్ల వయసులో, అయిదోస్థానం. ముగ్గురికే చోటు కాబట్టి పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లలేదు. ఒలింపిక్స్ ఆమెకి అందనే లేదు. అయినా ఆమెని ఓడిపోయిందని ఎవరనగలరు?

అట్లాంటాలో పళ్లబిగువున ఈడ్చుకుంటూ చివరిదాకా వెళ్లి ఉంటే మనం చప్పట్లు కొట్టేవాళ్లం. "ఎంత ఓర్పో!" అనేవాళ్లం. ఆ ఓర్పు ఆమె కాలినో నడుమునో తినేస్తే మాత్రం చూసేవాళ్లెవరు?

డాక్టరుగారు మాకు చెప్పింది ఇదే. పరిగెత్తేటప్పుడు కండరం, ఎముక కొద్దికొద్దిగా నలుగుతాయి. విశ్రాంతిలోనే అవి మళ్లీ కట్టుకుని, ముందుకంటే గట్టిపడతాయి. బలం వచ్చేది పరుగులో కాదు, పరుగు తర్వాత. చేసే శ్రమకి తగ్గ తిండి లేకపోతే ఒళ్లు ముందుగా ఆపేసే పనుల్లో నెలసరి ఒకటి. నెలసరి ఆగితే ఈస్ట్రోజన్ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది, చీలిక వస్తుంది. ఈ పరిస్థితికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఒక పేరు కూడా పెట్టారు. శ్రమకు తగ్గ శక్తి అందకపోవడం అని దాని భావం. ఇది మగవాళ్లకీ వస్తుందట. కాబట్టి అమ్మలూ, పరిగెత్తే పిల్లకి నెలసరి తప్పితే "పోనీలే, హాయి" అనుకోకండి. అది ఒళ్లు రాసిన ఉత్తరం.

ఇక పరుగు సంగతలా ఉంచి మన సంగతి చూద్దాం. అయిదింటికి లేచింది మొదలు రాత్రి గిన్నెలు బోర్లించేదాకా మనదీ దూరపు పరుగే. దానికి వారంలో ఒకరోజైనా సెలవుందా? ఆదివారమైతే ఇంకో రెండు కూరలు ఎక్కువ. అందరూ తిన్నాక మిగిలింది తింటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఓర్పుకి మారుపేరని మనల్ని పొగిడేవాళ్లకి ఈ లెక్క చూపించాలి. మనల్ని మనమే పొగుడుకుంటున్నామేమో, మనం కూడా చూసుకోవాలి. ఎందుకంటే ఈ ఓర్పుని పిల్లలకి ఉగ్గుపాలతో పోస్తున్నది మనమే. నేను పోపు గరిటె చేత్తో పట్టుకుని పోశాను కదా!

అమ్మాయి కాలు కుదుటపడింది. నెలసరీ దారికొచ్చింది. ఇప్పుడు పొద్దున్నే పాలు, పల్లీ చిక్కీ కడుపులో పడందే గ్రౌండుకి వెళ్లనివ్వడం లేదు. "నొప్పి" అని అది అంటే స్టవ్వు కట్టేసి వెనక్కి తిరుగుతున్నాను. ఆదివారం దానికి పరుగు లేదు. మొదటివారం మంచంమీద అటూ ఇటూ దొర్లి, "నాకు తోచడం లేదు. మరి నీకెప్పుడే సెలవు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నాలుగు వారాలుగా ఆదివారం సాయంత్రం మా ఇంట్లో నేను పొయ్యి వెలిగించడం లేదు. మావారు మొదట్లో కొంచెం గొణిగారు. ఇప్పుడు ఉప్మా చేయడం వచ్చేసింది, ఉప్పు కాస్త ఎక్కువేస్తారంతే. చర్చినుంచి వస్తూ పక్కింటి అక్కయ్య గుమ్మంలో తొంగిచూసి, ఖాళీగా కూర్చున్న నన్ను చూసి నవ్వింది.

మీ ఇంట్లో ఏ రోజు?