జాలస్థలి వాడుకరుల భావోద్వేగాల నాడీశాస్త్ర కొలత

ఒక వెబ్‌సైటును చూస్తున్నపుడు వాడుకరికి కలిగే ఇష్టము, విసుగు, ఆందోళనలను అతడు చెప్పిన మాటను బట్టి గాక, మెదడు మరియు శరీరము ఇచ్చే సంకేతాలను బట్టి అంచనా వేసే పద్ధతి ఇది. వ్యాపార రంగంలో దీనిని న్యూరోమార్కెటింగ్ అంటారు. ఈ పని చేసే న్యూరోఫోకస్ అనే అమెరికా సంస్థను 2011లో నీల్సన్ కొనుగోలు చేసినది.

పద్ధతులు

1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ మొదటిసారిగా మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసాడు. ఈ ఈఈజీ పద్ధతి మిల్లీసెకన్లలో జరిగే మార్పును పట్టుకొంటుంది కానీ మెదడు లోతులలో ఏ భాగము పనిచేసినదో సరిగా చెప్పలేదు. ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. లోపలి భాగాలను చూపుతుంది. అయితే అది రక్తంలోని ఆక్సిజను మార్పుపై ఆధారపడుతుంది కనుక కొన్ని సెకన్లు వెనుకబడుతుంది. చెమట వలన చర్మపు విద్యుత్ వాహకతలో కలిగే మార్పును కొలవడం వీటన్నిటికంటె చవక.

పరిమితులు

ఇంటర్మీడియట్ ఫలితాల రోజున తెనాలి, బాపట్ల లేదా రేపల్లెలో ఒక విద్యార్థి హాల్‌టికెట్ నంబరు కొట్టి ఎదురుచూస్తున్నాడనుకొందాం. పేజీ తెరుచుకోదు, అరచేతికి చెమట పడుతుంది. పరికరము ఉద్రేకాన్ని చూపుతుంది. అది తప్పుతానేమోనన్న భయమా, సైటు మీద కోపమా అన్నది చూపదు. ఉద్రేకపు తీవ్రత వేరు, అది సుఖమా దుఃఖమా అన్నది వేరు. ఈ తేడాను దాచి "మెదడు అబద్ధమాడదు" అని అమ్మేవారి మాట నమ్మదగినది కాదు. విద్యార్థిని ఒక్క ప్రశ్న అడిగితే ఇంతకంటె ఎక్కువ తెలుస్తుంది.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను, అక్కడి ట్రిపుల్ ఐటీలోను సంజ్ఞాన శాస్త్ర పరిశోధన జరుగుతున్నది. ఇటువంటి ప్రయోగశాలలకు సులభంగా దొరికేది కళాశాల విద్యార్థులే. వారి స్పందనను చూసి, సచివాలయంలో ధ్రువపత్రానికి వచ్చిన రేపల్లె రైతు స్పందనను ఊహించడం సరికాదు.

చట్టము

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, అంగీకారము లేకుండా నిందితులకు బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్ష చేయరాదని తీర్పు చెప్పినది. అది నేర విచారణకు సంబంధించినది. వ్యాపారులకు వర్తించే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము అంగీకారాన్ని కోరుతుంది కానీ మెదడు సమాచారానికి ప్రత్యేక తరగతి ఏర్పరచలేదు. చిలీ దేశము 2021లోనే తన రాజ్యాంగంలో దీనికి రక్షణ చేర్చినది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, ఒక వాడుకరి మెదడు సమాచారాన్ని తొలగించమని ఎమోటివ్ అనే సంస్థను ఆదేశించినది. మన దేశంలో అదే సంవత్సరం నవంబరులో వినియోగదారులను మభ్యపెట్టే వెబ్‌సైటు ఎత్తుగడలపై మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలో 13 రకాల ఎత్తుగడలను పేర్కొన్నారు. తొందరపెట్టడము, సిగ్గుపడేలా చేయడము అందులో ఉన్నాయి. రెండూ భావోద్వేగాలపై ఆడే ఆటలే.