దోషా, కాదా అని అడగకండి

వాల్టర్ డీన్ మైయర్స్ నవల ‘మాన్‌స్టర్’ (1999) పాఠం చెప్పాక మనలో చాలామందిమి వేసే ప్రశ్న ఒకటే: స్టీవ్ దోషా, కాదా? చేతులెత్తించి, లెక్కపెట్టి, పాఠం అయిపోయిందనుకుంటాం. ఇదేం చదువు?

హార్లెంలో మందుల షాపు దోపిడీ, యజమాని హత్య. లోపల పోలీసులు లేరని చూసొచ్చాడని పదహారేళ్ళ నల్లజాతి కుర్రాడు స్టీవ్ మీద అభియోగం. తుపాకీ పట్టకపోయినా, దోపిడీలో చెయ్యుంటే అక్కడి చట్టానికి హంతకుడే. జైల్లో అతను తన కథనే సినిమా స్క్రిప్టుగా రాసుకుంటాడు.

రాక్షసులన్న మాట కోర్టులో తెచ్చింది ఒక స్త్రీ, ప్రాసిక్యూటర్ పెట్రోచెల్లి. అతన్ని కాపాడే లాయరు ఓబ్రయన్ కూడా స్త్రీయే. జవాబు నచ్చనప్పుడల్లా కాగితం కప్పు బోర్లిస్తూ సాక్ష్యం ఎలా చెప్పాలో తర్ఫీదిస్తుంది. ఈ పేజీ దగ్గర మా క్లాసులో అబ్బాయిలు నవ్వారు. ఆడపిల్లలు నవ్వలేదు. ‘ఇంట్లో మాకూ ఇంతే మేడమ్, కప్పు ఉండదంతే’ అంది ఒకమ్మాయి. ఆ పూట ఓటింగు పెట్టి ఉంటే ఈ మాట వినేదాన్నా?

చివర నిర్దోషిగా తేలిన స్టీవ్ చేతులు చాస్తే ఓబ్రయన్ బిగుసుకుపోయి పక్కకి తిరుగుతుంది. కోర్టుల్లో ఆడవాళ్ళు పెరిగితే న్యాయం దానంతటదే మెత్తబడుతుందని రాసే మనం (నేనూ రాశాను, ఇకముందూ రాస్తాను) ఇక్కడ కాసేపు ఆగొద్దూ?

ఇక స్టీవ్ తల్లి. జైలుకి బైబిల్ తెచ్చిచ్చి, నల్ల లాయర్ని పెట్టాల్సిందేమోనని కొడుకునే అడుగుతుంది. ఆవిడ మనసులో నడిచే విచారణ గురించి ఏ క్లాసులోనూ చేతులెత్తించరు.