జాబితాకెక్కే ముందు

హింసను అరికట్టడం ప్రభుత్వ విధి. ఇందులో రెండో మాట లేదు. కాని నిషేధ జాబితాలో పేరు చేర్చేముందు ఆ పేరుగలవారి మాట వినడమూ విధే.

మన అనుభవమే ఇందుకు సాక్ష్యం. 2005 ఆగస్టులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం విప్లవ రచయితల సంఘాన్ని ప్రజాభద్రతా చట్టం కింద నిషేధించింది. తగిన కారణాలు లేవని సలహా మండలి తేల్చడంతో నవంబరులో నిషేధం తొలగింది. 2021 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఆ సంఘంతో సహా 16 సంఘాలను నిషేధించింది. వివాదం హైకోర్టుకెక్కింది. జూన్‌లో ప్రభుత్వమే ఉత్తర్వును ఉపసంహరించుకున్నది.

సంఘాలకే ఇంత ప్రయాస అయితే ఒంటరి మనిషి గతి ఏమిటి? 2019 నాటి చట్ట సవరణతో కేంద్రం వ్యక్తులనూ ఉగ్రవాదులుగా ప్రకటించవచ్చు. కోర్టులో నేరం రుజువు కానక్కరలేదు. పేరు తీసివేయమని, చేర్చిన కేంద్రానికే ముందు అర్జీ పెట్టుకోవాలి. కాదంటే నెలలోగా సమీక్షా సంఘాన్ని ఆశ్రయించాలి. ఈ సవరణ చెల్లదంటూ 2019లోనే సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. 2025లో వాటిని ఢిల్లీ హైకోర్టుకు పంపారు. సికింద్రాబాదులో రైలెక్కి ఢిల్లీ చేరి వకీలును పెట్టుకోగల పల్లెవాసులెందరు?

కారణాలు రాతపూర్వకంగా, తెలుగులో తెలపాలి. ముందుగా సంజాయిషీ అడగాలి. అత్యవసరమైతే ప్రకటించిన వెంటనే విచారణ జరపాలి. పేదలకు ఉచిత న్యాయసహాయం అందాలి. నిర్దోషికి మచ్చపడితే చట్టం మీద నమ్మకమే సడలుతుంది.