ఆకాశం నుంచి రాళ్లు పడవా?

పల్లెలో ఎవరైనా "చుక్క తెగిపడింది" అంటే మన విద్యావంతుడు నవ్వుతాడు. "అది చుక్క కాదు, ఉల్క" అని సరిదిద్దుతాడు. సరిదిద్దడం సరే. ఆ నవ్వుకు మాత్రం ఒక చరిత్ర ఉంది. అది విద్యావంతులకు గౌరవం తెచ్చే చరిత్ర కాదు.

1768లో ఫ్రాన్సులోని ల్యూసే దగ్గర పొలాల్లో ఉన్నవాళ్లు ఆకాశం నుంచి రాయి పడటం కళ్లారా చూశారు. పారిస్ శాస్త్ర అకాడమీ విచారణ సంఘం వేసింది. ఆధునిక రసాయన శాస్త్రానికి పునాది వేసిన లవోజియే అందులో సభ్యుడు. సంఘం ఏం తేల్చింది? ఆ రాయి భూమిదేననీ, పిడుగు దెబ్బ తిన్నదనీ! రాయిని పరీక్షించిన పండితులు, చూసినవాళ్ల సాక్ష్యానికి విలువ ఇవ్వలేదు.

1794లో జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాద్ని అలాంటి సాక్ష్యాలనే పోగుచేసి, ఈ రాళ్లు భూమికి వెలుపలివని వాదించాడు. పలువురు పండితులు ఒప్పుకోలేదు. 1803 ఏప్రిల్ 26న నార్మండీలోని లేగ్ల్ పట్టణం చుట్టుపక్కల పట్టపగలు సుమారు 3000 రాళ్లు పడ్డాయి. ప్రభుత్వం పంపగా బియో అనే యువశాస్త్రజ్ఞుడు ఊరూరా తిరిగాడు. చూసినవాళ్లను అడిగాడు, వారి మాటలను ఒకదానితో ఒకటి పోల్చాడు, రాళ్లు పడిన మేరను గుర్తించాడు. వివాదం చాలావరకు అక్కడితో తీరింది.

ఈనాడు మనకు తెలిసిందేమిటి? ధూళి రేణువు మొదలు సుమారు మీటరు దాకా ఉండే శకలాలు సూర్యుని చుట్టూ తిరుగుతున్నాయి. అవి సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో మన వాతావరణంలో చొరబడి వెలిగితే ఉల్కలు. కాలగా మిగిలి నేల చేరితే ఉల్కాశిలలు. ఏటా కనిపించే ఉల్కావర్షాల్లో ఎక్కువభాగం తోకచుక్కలు విడిచిన ధూళి. నేల చేరే రాళ్లలో అత్యధికం కుజ, గురు గ్రహాల నడుమ తిరిగే గ్రహశకలాలు ఢీకొని విరిగిన ముక్కలు. కొద్దిపాటి రాళ్లు చంద్రుని నుంచీ, కుజుని నుంచీ వచ్చినవి.

"అయితే చుక్క రాలితే ఎవరో చనిపోతారన్నదీ నమ్మమంటారా?" అని మిత్రులు అడగవచ్చు. నమ్మనక్కరలేదు. చూసింది వేరు, చూసినదానికి చెప్పుకున్న అర్థం వేరు. అర్థాన్ని ఖండించే తొందరలో చూపునే కొట్టిపారేస్తే అది హేతువాదం కాదు, చదువుకున్నవాడి అహంకారం. ప్రజల నుంచి నేర్చుకోవాలని సభల్లో తీర్మానాలు చేసే మనం, వాళ్లు నోరు విప్పితే మూఢనమ్మకమని తోసేస్తున్నామా, లేక బియోలాగా వాళ్ల దగ్గరికి వెళ్లి అడుగుతున్నామా? ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం.