అతి చిన్న వచనం

ఆదివారం బడిలో వచనం అప్పజెప్పమంటే మేమంతా ఒకదానికే ఎగబడేవాళ్లం. యోహాను సువార్త 11వ అధ్యాయం, 35వ వచనం. లాజరు సమాధికి వెళ్తూ యేసు కన్నీరు కార్చాడన్న ఒక్క ముక్క. ఇంగ్లీషు బైబిల్లో రెండే మాటలు! (ఇలా వచనాలకు అంకెలు వేసి 1551లో అచ్చువేసిన రాబర్ట్ ఎతియెన్ మా పాలిట పుణ్యాత్ముడు.)

మిత్రులారా, పీజీలోకి వచ్చాక గానీ ఆ వచనం దగ్గర ఆగి ఆలోచించలేదు. లాజరు పోయి నాలుగు రోజులైంది. కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని ఆయనకు ముందే తెలుసు. మరి కన్నీరెందుకు? గ్రీకు మూలంలో మరియ, ఆమెతో వచ్చినవాళ్లు బిగ్గరగా ఏడ్చారు. ఆయనకు వాడిన క్రియ వేరు. చప్పుడు లేకుండా కన్నీరు కార్చడం. కొత్త నిబంధనలో ఆ క్రియ ఈ ఒక్కచోటే ఉంది. జనం అవిశ్వాసానికి ఏడ్చాడనే వ్యాఖ్యాతలూ ఉన్నారు. మాకది రుచించలేదు. సాయం చేతిలో ఉన్నా, ముందు వాళ్ల దుఃఖంలో పాలుపంచుకున్నాడనే మా అభిప్రాయం.

ఒక రాత్రి మన హాస్టల్లో ఒక తమ్ముడికి నాన్న పోయిన కబురు వచ్చింది. చందాలు వేసి బస్సు ఛార్జీలిచ్చాం. "మగాడివి, ఏడవకు. బాగా చదివి అమ్మను చూసుకో" అని తలా ఒక మాట చెప్పాం. ఇళ్లలో తొలి డిగ్రీవాళ్లం కదా, సలహాలకు కొదవేముంది! చెప్పి వెళ్లి పడుకున్నాం. తెల్లవారి బస్సు దాకా అతని పక్కన కూర్చున్నది కామాటి బాబాయి ఒక్కడే. ఒక్క మాటా అనలేదట. తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ ఉన్నాడట.

పదిరోజులకు తమ్ముడు తిరిగొచ్చాడు. మా గదుల ముందునుంచే నడిచి నేరుగా వంటశాలకు వెళ్లాడు.