కాకికి చుట్టం... ఈ అందగాడు!

దట్టమైన తోటలో కొమ్మల మధ్య నుంచి రెండు తెల్లటి రిబ్బన్లు ఎగురుకుంటూ పోతే ఎలా ఉంటుంది? మగ తోక పిగిలిపిట్టను చూస్తే అచ్చం అలాగే అనిపిస్తుంది. నిగనిగలాడే నల్లటి తల, దానిమీద కుచ్చు, పాలలాంటి ఒళ్లు, ఒంటికన్నా పొడవైన తోక. 'దూద్‌రాజ్' పేరుతో మధ్యప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా ఇదే.

ఇంతకీ ఈ అందగాడిది ఏ వంశం? పిగిలిపిట్ట అంటే బుల్‌బుల్. నెత్తిమీది కుచ్చు చూసి కాబోలు, మనవాళ్లు దీన్ని పొడుగు తోక బుల్‌బుల్ అనుకున్నారు. హిందీవాళ్లూ 'షా బుల్‌బుల్' అన్నారు. గాల్లో ఎగురుతూనే పురుగుల్ని పట్టేస్తుంది కదా... శాస్త్రవేత్తలు దీన్ని చాలాకాలం ఈగపట్టు పిట్టల కుటుంబంలో ఉంచారు.

రెండూ తప్పే! 1980ల నుంచి జరిగిన డీఎన్ఏ పరిశోధనల్లో అసలు సంగతి తేలింది. ఇది మోనార్క్ కుటుంబానికి చెందిన పక్షి. ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా ఆ కుటుంబంలో సుమారు వంద జాతులున్నాయి. వాటికి దగ్గరి బంధువులెవరో తెలుసా? కరెంటు తీగలమీద కూర్చునే ఏట్రింతలు, ఇంకా... మన కాకులు! తమాషా ఏమిటంటే, 1758లో లిన్నేయస్ దీనికి మొదటిసారి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు కాకుల్లోనే చేర్చాడు. సుమారు రెండు శతాబ్దాలు తిరిగి తిరిగి పిట్ట మళ్లీ ఆ వాకిట్లోకే వచ్చింది.

అయినా పిట్ట ఏ ఇంటిదైతే మనకెందుకు అంటారా? లెక్క తేలాలంటే వంశం తెలియాలి. ఆసియాలోని చాలా తోక పిగిలిపిట్టలను ఒకే జాతిగా భావించేవారు. 2015లో వాటిని మూడుగా విడదీశారు. అన్నీ ఒకటే అనుకుంటే, ఒకటి తగ్గిపోతున్నా మిగతావాటి గుంపులో ఆ సంగతి కనిపించదు. అదే మోనార్క్ కుటుంబానికి చెందిన గువాం దీవి పిట్ట 1980ల తర్వాత ఎవరికీ కనిపించలేదు. బయటి నుంచి వచ్చిన పాములు దాన్ని మింగేశాయి. అది ఆ ఒక్క దీవిలోనే ఉండే జాతి. ఇక లేదు.

కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు కదా! ఈసారి తోటలో కాకి అరిస్తే ఒక్కసారి తలెత్తి చూడండి. దాని చుట్టమే కొమ్మమీద ఉందేమో!